మత్సుదా గొన్‌రోకు

మత్సుదా గొన్‌రోకు (ఏప్రిల్ 20, 1896 - జూన్ 15, 1986) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ హస్తకళాకారుడు, ఆచార్యుడు, రచయిత. ఉరుషి అనే చెట్టుపాలతో వేసిన నల్లని పూతపై బంగారు, వెండి పొడులతో చిత్రాలను తీర్చే మాకియె కళలో ఇరవయ్యవ శతాబ్దపు అగ్రగణ్యులలో ఈయన ఒకడు. 1955లో జపాను ప్రభుత్వం ఈయనను మాకియె కళకు ప్రతినిధిగా గుర్తించింది. ఈ గుర్తింపు పొందినవారిని ఆ దేశంలో వాడుకగా సజీవ జాతీయ నిధి అని పిలుస్తారు. పన్నెండవ శతాబ్దపు స్వర్ణమందిరానికి జరిగిన ఉరుషి పునరుద్ధరణకు నాయకత్వం వహించిన ఈయనే, అంతకు ముందు ఒక పెన్నుల కంపెనీలో ఉద్యోగిగా ఉండి, ఫౌంటెన్ పెన్నులపై మాకియె చిత్రణకు పునాది వేశాడు. పాత జపాను పెన్నులను సేకరించేవారికి ఈయన పేరు పరిచయం కావడానికి అదే కారణం.

జపాను సంప్రదాయంలో, మన తెలుగువారి పద్ధతిలో వలెనే, ఇంటిపేరు ముందు వస్తుంది. మత్సుదా ఈయన ఇంటిపేరు, గొన్‌రోకు అసలు పేరు.

బాల్యము

గొన్‌రోకు 1896 ఏప్రిల్ 20న ఇషికావా రాష్ట్రంలోని కనజావాలో జన్మించాడు. ఈ పట్టణం పూర్వం కగా సంస్థానానికి రాజధాని. ఆ సంస్థానాన్ని ఏలిన మయెదా వంశ ప్రభువులు కళాపోషకులు. పదిహేడవ శతాబ్దంలో వారు క్యోతో నుండి ఇగరాషి దోహో అనే మాకియె నిపుణుని పిలిపించి ఆశ్రయమిచ్చారు. అప్పటి నుండి కగా మాకియె అనే ప్రత్యేక శైలి అక్కడ వర్ధిల్లింది. 1868 తరువాత సంస్థానాలు రద్దు కావడంతో ప్రభువుల పోషణ ఆగిపోయినా, ఇళ్ళలో ఉండే బౌద్ధ పూజామందిరాల తయారీ వలన ఆ విద్య ఊరిలో నిలిచింది.

గొన్‌రోకు తన ఏడవ ఏట అన్నగారైన కోసాకు వద్ద మాకియె పని నేర్చుకోవడం ప్రారంభించాడు. అన్న పూజామందిరాలకు మాకియె వేసే పనివాడు. ఆ వయసు పిల్లలు పలకా బలపం పట్టే రోజులలో ఈయన కుంచె పట్టి గీతలు దిద్దాడు. ఈ పని నైపుణ్యం ఈయనకు చదువుకన్న ముందే అలవడింది.

విద్యాభ్యాసము

ఇషికావా రాష్ట్ర పారిశ్రామిక పాఠశాలలో చదువు ముగించి, గొన్‌రోకు 1914లో టోక్యో లలితకళా పాఠశాలలో ఉరుషి కళాశాఖలో చేరాడు. నేటి టోక్యో కళా విశ్వవిద్యాలయానికి ఇది పూర్వరూపం. అక్కడ ఈయన గురువు రొక్కాకు షిసుయి (1867-1950). షిసుయి ఆ పాఠశాల తొలి తరం విద్యార్థి. ప్రాచీన ఉరుషి వస్తువులను పరిశోధించి, పూర్వులు ఏ పదార్థాన్ని ఏ విధంగా వాడారో ప్రయోగపూర్వకంగా తెలుసుకొన్న పండితుడు. కొరియాలోని లెలాంగ్ సమాధులలో బయటపడిన, సుమారు రెండు వేల సంవత్సరాల నాటి హాన్ కాలపు ఉరుషి పాత్రలపై చేసిన పనితో ఆయన పేరుపొందాడు. పాత వస్తువును చదివి విద్య నేర్చుకోవచ్చుననే పాఠం గొన్‌రోకుకు ఈ గురువు నుండి లభించింది.

1919లో పట్టభద్రుడైనప్పుడు ఈయన సమర్పించిన పని, పూలమొక్కలు, పక్షులు, జంతువులు కలిసిన చిత్రణగల ఒక చిన్న పెట్టె. నేటికీ దానిని ఈయన తొలి ప్రధాన రచనగా పేర్కొంటారు.

ఉరుషి, మాకియె

గొన్‌రోకు చేసిన పని తెలియాలంటే ఉరుషిని గురించి కొంత తెలియాలి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క ఒక పురుగు నుండి వస్తుంది. వేడికి కరుగుతుంది. ఉరుషి అందుకు పూర్తిగా భిన్నమైనది. ఇది ఒక చెట్టు కాండానికి గాటు పెట్టినప్పుడు కారే పాలు. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి చెట్ల కుటుంబానికి చెందినది. బట్టలకు గుర్తులు పెట్టడానికి చాకలివారు వాడిన నల్లజీడి కూడా ఆ కుటుంబంలోనిదే. నల్లజీడి రసం తగిలితే ఒళ్ళు పొక్కినట్లే, పచ్చి ఉరుషి తగిలినా దద్దురులు లేస్తాయి. కొత్తగా పని నేర్చుకొనేవారు ఈ బాధను అనుభవించక తప్పదు.

ఉరుషి గట్టిపడటానికి ఎండ పనికిరాదు. గాలిలో తేమ కావాలి. అందువలన పూసిన వస్తువును తేమ నిలిపిన చెక్క బీరువాలో ఉంచుతారు. ఆ పాలలో సహజంగా ఉండే ఎంజైము తేమ గల గాలిలోని ఆమ్లజనిని గ్రహించి పూతను గట్టిపరుస్తుంది. అలా గట్టిపడిన పూతను నీరు గాని, ఆమ్లాలు గాని, సారాయి గాని సులభంగా కరిగించలేవు. దానికి శత్రువు సూర్యకాంతి.

మాకియె అనే మాటకు చల్లి వేసిన చిత్రం అని అర్థం. ముందుగా సన్నని కుంచెతో ఉరుషితోనే బొమ్మ గీస్తారు. అతి సన్నని గీతలకు ఎలుక వెంట్రుకలతో కట్టిన కుంచెను వాడటం సంప్రదాయం. గీత తడిగా ఉండగానే వెదురు గొట్టంతో బంగారు పొడిని దానిపై చల్లుతారు. అది ఆరిన తరువాత చేసే పనిని బట్టి మాకియెలో మూడు ముఖ్య పద్ధతులు కలవు.

హిరా మాకియె: చల్లిన పొడిపై పలుచగా ఉరుషి వేసి మెరుగు పెడతారు. చిత్రం నేలకన్న రవ్వంత ఎత్తుగా ఉంటుంది.
తొగిదాషి మాకియె: చిత్రమంతటినీ ఉరుషితో కప్పివేసి, ఆరిన తరువాత బొగ్గుతో సానపట్టి లోపలి బంగారాన్ని బయటికి తెస్తారు. చిత్రం నేలతో సమంగా, నునుపుగా ఉంటుంది.
తకా మాకియె: బొమ్మ భాగాన్ని ముందే పొరలు పొరలుగా ఎత్తు చేసి, ఆపైన బంగారం చల్లుతారు.

వీటికి తోడు ముత్యపు చిప్ప ముక్కలను పొదిగే రాదెన్ పద్ధతి కూడా కలదు. ఒక వస్తువు పూర్తి కావడానికి నెలలు పడుతుంది. పెద్ద వస్తువులకు సంవత్సరాలు పట్టవచ్చు.

నమికి సంస్థలో పెన్నుల పని

నమికి ర్యోసుకె (1880-1954) టోక్యోలోని వాణిజ్య నౌకా పాఠశాలలో ఆచార్యుడు. ఆయన, తన మిత్రుడైన వాదా మసావోతో కలిసి, 1918లో నమికి పెన్నుల తయారీ సంస్థను స్థాపించాడు. ఇద్దరూ నౌకావృత్తితో సంబంధం ఉన్నవారే. ఓడను దారిచూపి నడిపించేవాడు అనే అర్థంలో తమ పెన్నుకు పైలట్ అని పేరు పెట్టారు.

ఆనాటి ఫౌంటెన్ పెన్నులను ఎబోనైటుతో చేసేవారు. రబ్బరుకు గంధకం కలిపి గట్టిపరచిన పదార్థమిది. మన రాజమండ్రి రత్నం పెన్నులు వాడినవారికి ఇది పరిచితమే. నల్లని ఎబోనైటు కొత్తలో నిగనిగలాడుతుంది కాని, వెలుతురు తగులుతూ ఉంటే కొంతకాలానికి వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. దీనికి విరుగుడుగా ఎబోనైటుపై ఉరుషి పూయవచ్చునని నమికి సంస్థవారు తలచి, 1920ల మధ్యకాలంలో ఆ పద్ధతిని సాధించారు. పూత నిలిచిన తరువాత దానిపై మాకియె వేయించాలనే ఆలోచన కలిగింది. అందుకు తగిన నిపుణుడు అవసరమయ్యాడు. 1925లో గొన్‌రోకు ఆ సంస్థలో చేరాడు. అప్పటికి ఈయన వయసు 29 సంవత్సరాలు.

లలితకళా పాఠశాలలో చదివినవాడు కర్మాగారంలో పెన్నులకు బొమ్మలు వేయడం ఆనాటి దృష్టిలో గొప్ప విషయం కాదు. అయితే అది ఉరుషి వృత్తికి కష్టకాలం. ప్రభువుల పోషణ పోయింది. యంత్రాలతో చేసిన చవక వస్తువులు ఇళ్ళలోకి వచ్చాయి. నిత్యం చేతిలో ఉండే వస్తువు దొరికితేనే ఈ వృత్తి బ్రతుకుతుంది. ఫౌంటెన్ పెన్ను సరిగ్గా అటువంటి వస్తువు. పూర్వం మగవారు నడుముకు వేలాడదీసుకొనే మందు డబ్బీలపై మాకియె వేసిన చేతులకు, కొత్త కాలపు వస్తువుగా పెన్ను లభించింది.

పెన్నుపై మాకియె వేయడంలో ప్రత్యేకమైన చిక్కులు కలవు. చిత్రానికి దొరికే చోటు గుండ్రని సన్నని గొట్టం. ఒక్క చూపులో బొమ్మ మొత్తం కనబడదు, పెన్నును తిప్పుతూ చూడాలి. మూత బిగించినప్పుడు మూతపై బొమ్మ, ఒంటిపై బొమ్మ ఒకదానితో ఒకటి కలవాలి. మరలు తిప్పడంలో, జేబులో రాపిడిలో, చేతి చెమటలో బంగారం చెదరకూడదు. పెట్టెపై వేసిన చిత్రానికి ఇన్ని పరీక్షలు ఉండవు.

కొక్కోకాయ్, డన్‌హిల్ ఒప్పందము

నమికి సంస్థ 1926లో లండన్, న్యూయార్క్, షాంఘై, సింగపూర్ నగరాలలో శాఖలు తెరిచింది. ఇంగ్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ సంస్థ ఈ పెన్నులను మెచ్చి, 1930లో నమికితో విక్రయ ఒప్పందం చేసుకొంది. డన్‌హిల్-నమికి అనే జంట పేరుతో మాకియె పెన్నులు లండన్, ప్యారిస్ దుకాణాలకు చేరాయి.

విదేశాల నుండి వచ్చే గిరాకీకి ఒక్కరిద్దరు నిపుణులు చాలరు. 1931లో గొన్‌రోకు ఆధ్వర్యంలో మాకియె కళాకారుల బృందం ఏర్పడింది. దాని పేరు కొక్కోకాయ్. దేశపు వెలుగు సంఘం అని ఆ పేరుకు అర్థం చెప్పవచ్చు. 1927 నుండే ఈయన టోక్యో లలితకళా పాఠశాలలో సహాయ ఆచార్యుడుగా ఉన్నా, పెన్నుల పనికి మార్గదర్శకత్వం మానలేదు. నమూనాలు నిర్ణయించడం, కళాకారులకు శిక్షణ ఇవ్వడం, పని నాణ్యతను కాపాడటం ఈ మార్గదర్శకత్వంలో భాగాలు. చేపలు, పక్షులు, పూలు, డ్రాగన్లు, పురాణ పురుషులు, ఋతువుల దృశ్యాలు ఈ పెన్నులపై కనిపిస్తాయి. సాధారణ ధర గల వాటిపై సన్నని హిరా మాకియె ఉండగా, ఉత్తమ శ్రేణి పెన్నులపై మూడు పద్ధతులూ కలిసి ఉంటాయి.

ఈ ఉచ్ఛదశ ఎంతో కాలం నిలువలేదు. చైనాతో యుద్ధం 1937లో ప్రారంభమైంది. బంగారంపై ఆంక్షలు రావడంతో పెన్నుల పాళీలు కూడా ఉక్కుతో చేయవలసి వచ్చింది. 1938లో సంస్థ పేరు పైలట్ పెన్నుల కంపెనీగా మారింది. 1940 జూలైలో విలాస వస్తువుల తయారీ, అమ్మకాలపై ప్రభుత్వం నిషేధాజ్ఞలు జారీచేసింది. మాకియె పెన్నుల తొలి యుగం అంతటితో ముగిసిందని చెప్పవచ్చు.

యుద్ధకాలము - హోరాయ్ అర

ఈ మధ్యకాలంలో గొన్‌రోకు పెద్ద పనులు కూడా చేపట్టాడు. 1936లో పూర్తయిన జపాను పార్లమెంటు భవనంలో చక్రవర్తి విశ్రమించే గదికి జరిగిన ఉరుషి పని అందులో ఒకటి. 1943లో ఈయన ఆచార్యపదవిని పొందాడు.

విలాస వస్తువుల నిషేధంలో ఒక మినహాయింపు ఉండేది. నైపుణ్యం నశించకుండా ఉండేందుకు ఎంపిక చేసిన కళాకారులకు పరిమితంగా పని చేసుకొనే వీలు కల్పించారు. అట్టి రోజులలో, 1944లో, గొన్‌రోకు హోరాయ్ అర అనే ప్రసిద్ధ కృతిని పూర్తి చేశాడు. హోరాయ్ అనగా తూర్పు సముద్రంలో ఉన్నదని పూర్వులు నమ్మిన అమరుల ద్వీపం. నల్లని నేలపై బంగారు కొంగలు గుంపుగా ఎగిరే ఈ చిత్రణ ఈయన కృతులలో మేటిగా పరిగణింపబడుతున్నది. మరుసటి సంవత్సరం టోక్యో బాంబుదాడులలో కాలిపోయింది. ఈ అర నిలిచి, కనజావాలోని ఇషికావా రాష్ట్ర కళాసంగ్రహాలయంలో ఉన్నది.

యుద్ధానంతర జీవితము

1947లో గొన్‌రోకు జపాను కళా అకాడమీ సభ్యుడయ్యాడు. 1950లో ఆ దేశంలో సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం వచ్చింది. భవనాలు, విగ్రహాలతో పాటు విద్యను, అనగా మనిషి చేతిలోని నైపుణ్యాన్ని కూడా సంపదగా పరిగణించడం ఈ చట్టం విశేషం. ఈ చట్టం క్రింద 1955 ఫిబ్రవరిలో తొలి జట్టు కళాకారులను ఎంపిక చేసినప్పుడు, మాకియెకు గొన్‌రోకును, తకానో షోజాన్‌ను గుర్తించారు. ఏటా జరిగే జపాను సంప్రదాయ హస్తకళా ప్రదర్శన 1954లో ప్రారంభమైంది. దాని అభివృద్ధికి ఈయన ఎంతో పాటుపడ్డాడు. 1960లలో చేసిన అలంకార పెట్టెలలో తెల్లకొంగల చిత్రణ గలది పేరెన్నిక గన్నది.

కొంజికిదో పునరుద్ధరణ

ఉత్తర జపానులోని హిరైజుమిలో చూసొన్‌జి అనే బౌద్ధాలయం కలదు. అందులోని కొంజికిదో అనే చిన్న మందిరాన్ని 1124లో ఫుజివారా వంశపు కియోహిరా కట్టించాడు. లోపల, వెలుపల బంగారు రేకు తాపిన ఈ మందిరపు స్తంభాలపై మాకియె, రాదెన్ పనులు ఉన్నాయి. ఎనిమిది శతాబ్దాల కాలంలో అవి జీర్ణించాయి. 1962 నుండి 1968 వరకు మందిరమంతటినీ విప్పి మరమ్మతు చేసినప్పుడు, ఉరుషి పనికి గొన్‌రోకు నాయకత్వం వహించాడు.

పాత పనివారి పద్ధతిని అర్థం చేసుకోకుండా పైపై మెరుగులు దిద్దితే అసలు కృతి నశిస్తుంది. ఏ పొర క్రింద ఏ పొర ఉన్నదో, ఏ పరిమాణపు బంగారు పొడి వాడారో కనుగొని, అదే క్రమంలో తిరిగి చేయవలసి ఉంటుంది. లెలాంగ్ పాత్రలతో గురువు నేర్పిన విద్య ఇక్కడ శిష్యునికి అక్కరకు వచ్చింది. ఈ పనిలో పాల్గొన్న యువకళాకారులకు అది ఒక విశ్వవిద్యాలయం వంటిదైంది. 2011లో హిరైజుమి ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తింపు పొందింది.

రచన, భావాలు

గొన్‌రోకు 1964లో ఉరుషిని గురించి సామాన్య పాఠకుల కొరకు ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. ఉరుషి నో హనాషి (ఉరుషి కథ) అనే ఈ గ్రంథాన్ని ఇవనామి సంస్థ ప్రచురించింది. మరుసటి సంవత్సరం దీనికి మైనిచి ప్రచురణ సంస్కృతి పురస్కారం లభించింది. చెట్టు నుండి పాలు తీయడం మొదలు, పూతలు, పనిముట్లు, చరిత్ర, తన అనుభవాలు ఇందులో వివరించాడు. వృత్తిరహస్యాలను ఇంటి గుమ్మం దాటనీయని సంప్రదాయం నుండి వచ్చినవాడు వాటిని అందరికీ అందుబాటులో ఉంచడం ఈ పుస్తకం విశిష్టత. ఇది తరువాత ఆంగ్లంలోకి కూడా అనువదింపబడింది.

మనిషి నుండి, వస్తువు నుండి, ప్రకృతి నుండి నేర్చుకోవాలని ఈయన బోధించేవాడు. మొదటిది గురువు చెప్పే విద్య. రెండవది పూర్వుల కృతులు చెప్పే విద్య. మూడవది పువ్వును, పక్షిని స్వయంగా చూసి గీసుకొనే విద్య. నమూనాలను దినచర్య వలె పుస్తకాలలో గీసి ఉంచుకొనే అలవాటు ఈయనకు ఉండేది.

శిష్యులు

గొన్‌రోకు వద్ద పని నేర్చినవారిలో ఓబా షోగ్యో (1916-2012), తగుచి యోషికుని (1923-1998) ముఖ్యులు. ఓబా 1982లో, తగుచి 1989లో మాకియెకు సజీవ జాతీయ నిధులుగా గుర్తింపు పొందారు. ఓబా కొంజికిదో పునరుద్ధరణలో గురువుతో కలిసి పనిచేశాడు.

పాత మాకియె పెన్నుల సేకరణ

1940కి ముందు తయారైన నమికి, డన్‌హిల్-నమికి మాకియె పెన్నులు నేడు ప్రపంచమంతటా సేకరణకర్తలు వెదకే వస్తువులు. ఇవి అరుదు కావడానికి మూడు కారణాలు కలవు. చేతిపని కావడం వలన మొదటి నుండీ తక్కువగా తయారయ్యాయి. వాడుక వస్తువులు కావడం వలన చాలావరకు అరిగి, విరిగి పోయాయి. యుద్ధంలో మరికొన్ని నశించాయి. మిగిలినవాటిలో మేలిరకం పెన్నులు వేలంపాటలలో చాలా పెద్ద ధరలు పలికాయి.

వీటిని పరిశీలించేవారు ముందుగా సంతకాన్ని చూస్తారు. ఉత్తమ శ్రేణి పెన్నులపై కళాకారుని కలంపేరు, ఎర్రని ముద్ర, కొక్కోకాయ్ పేరు సూక్ష్మమైన అక్షరాలలో ఉంటాయి. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. గొన్‌రోకు మార్గదర్శకత్వంలో తయారైన పెన్నులన్నీ ఆయన స్వహస్తంతో చేసినవి కావు. వాటిలో అధికభాగం బృందంలోని ఇతర కళాకారుల పని. పెద్ద పేరు ఉన్నదే గొప్పదని తలచి, తమ పేరుతో చక్కని పని చేసినవారిని విస్మరించడం న్యాయం కాదు. ఏ చేతి పని ఏదో తేల్చడం కొరకే ఆ సంతకం ఉన్నది.

తరువాత చూడవలసినది పూత స్థితి. మూత అంచున బీటలు, బంగారం అరిగిన చోట్లు, ఎండకు మెరుపు తగ్గిన భాగాలు, తరువాతి కాలంలో ఎవరైనా దిద్దిన గుర్తులు పరిశీలించాలి. కొత్త పూతతో మెరిపించిన పెన్నుకన్న, అరుగుదల ఉన్నా అసలు పూత నిలిచిన పెన్నుకే విలువ ఎక్కువ. ఇట్టి పెన్నులను నేరుగా ఎండ తగిలే అద్దాల బీరువాలలో ఉంచరాదు. ఘాటైన ద్రావకాలతో కడుగరాదు. మెత్తని పొడి బట్టతో తుడిస్తే చాలును.

యుద్ధానంతరం పైలట్ సంస్థ మాకియె పెన్నుల తయారీని తిరిగి చేపట్టింది. కొక్కోకాయ్ బృందం నేటికీ ఆ సంస్థలో పనిచేస్తున్నది. మేలిరకం పెన్నులు నమికి పేరుతోనే వెలువడుతున్నాయి.

పదవులు, పురస్కారాలు

1927 - టోక్యో లలితకళా పాఠశాల సహాయ ఆచార్యుడు
1943 - అదే పాఠశాలలో ఆచార్యుడు
1947 - జపాను కళా అకాడమీ సభ్యత్వం
1955 - మాకియెకు సజీవ జాతీయ నిధిగా గుర్తింపు
1963 - సాంస్కృతిక సేవా ధురీణుడుగా ప్రభుత్వ గౌరవం
1965 - ఉరుషి నో హనాషి గ్రంథానికి మైనిచి పురస్కారం
1976 - సంస్కృతి పతకం (బుంకా కున్షో)

మరణము, స్మృతిచిహ్నాలు

మత్సుదా గొన్‌రోకు తన 90వ ఏట, 1986 జూన్ 15న మరణించాడు. ఈయన కృతులు ఇషికావా రాష్ట్ర కళాసంగ్రహాలయంలోను, జాతీయ హస్తకళా సంగ్రహాలయంలోను ఉన్నాయి. ఈ జాతీయ సంగ్రహాలయాన్ని 2020లో టోక్యో నుండి కనజావాకు తరలించారు. గొన్‌రోకు కూర్చుని పనిచేసిన గదిని కూడా అక్కడ తిరిగి నిర్మించి, పనిముట్లతో సహా సందర్శకులకు చూపుతున్నారు. కొద్ది చాపల వెడల్పు మాత్రమే గల చిన్న గది అది.